మంట లేకపోయినా మూత్ర పరీక్ష

మంట లేదు, నొప్పి లేదు, మరి మూత్ర పరీక్ష ఎందుకని గర్భిణులు అడగడం న్యాయమే. కానీ 100 మందిలో 2 నుంచి 10 మందికి ఏ లక్షణమూ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది. గర్భంతో మూత్రనాళాలు సడలి మూత్రం నిలుస్తుంది కనుక, వదిలేస్తే ఆ ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకవచ్చు. నెలలు నిండకముందే కాన్పు కావచ్చు. ఇంకా భయపడాల్సింది ప్రొటీన్ గురించి. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ కూడా కనబడితే, అది మన పెద్దలు గుర్రపువాతమనే ఫిట్స్‌కు దారితీయగల జబ్బు.

మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్ పరీక్ష తప్పు చూపదా అంటే, చూపుతుంది. తెల్లబట్ట కలిసినా ప్రొటీన్ ఉన్నట్టే కనబడవచ్చు. అందుకే మొదటి ధార వదిలి మధ్యధార పట్టాలి, అనుమానముంటే ల్యాబ్‌లో తేల్చుకోవాలి. షుగర్‌కు మాత్రం రక్తపరీక్షే నమ్మదగింది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పరీక్షలు ఉచితం.