తెలియని చిరునామాకు సరకు పంపుట

(ఉపన్యాస పాఠము)

ఎండకాలము నడుమ భిలాయి సెక్టారులలో ఏ వీధి వెంట నడచినను ఆవపిండి ఘాటు ముక్కునకు తగులును. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక జరిగి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన ఈ ఉక్కునగరమునకు శ్రీకాకుళము, విశాఖ ప్రాంతముల నుండి ఎన్నో కుటుంబములు తరలివచ్చినవి. ఆనాడు ఊరగాయ జాడీలు ఆంధ్రదేశము నుండి రైలెక్కి ఇచ్చటికి వచ్చెడివి. నేడు ఇచ్చటి క్వార్టర్లలోని గృహిణులే ఆవకాయ, అప్పడములు, కారప్పొడులు చేసి, చీరలు తెప్పించి, సెల్‌ఫోనులోనే బేరము కుదుర్చుకొని ఊరూరికి పంపుచున్నారు. అంగడి లేదు, బోర్డు లేదు, కొనువారి ముఖము కనబడదు. కనబడునది ఒక చిరునామా మాత్రమే. దానిని ఎంతవరకు నమ్మవచ్చును అనునదే ఈ ప్రసంగ విషయము.

సెక్టారు 6లో ఒక ఇల్లాలు కలదనుకొందము. కిలో నాలుగు వందల రూపాయల చొప్పున ఆవకాయ అమ్మును. ఒక సాయంకాలము క్రొత్త మనిషి ఒకడు ఫోను చేసి, నాగపూరు నుండి మాటలాడుచున్నానని చెప్పెను. "మాదీ పలాస దగ్గరే అక్కా" అని కలుపుగోలుగా మొదలిడి, మేనకోడలి పెండ్లికి ఇరువది కిలోలు కావలెనని అడిగెను. ఎనిమిది వేల రూపాయల బేరము. గంటలోపల పైకము చెల్లించినట్లు రసీదు బొమ్మ ఫోనునకు వచ్చెను. మరునాటి ఉదయము మరల ఫోను. "చిరునామా మారింది అక్కా. రాయపూరులో మా బావగారింటికి పంపించండి. ఇంటి నంబరు అక్కర్లేదు, గుడి ఎదురుగా నిలబడి ఫోను చెయ్యమనండి చాలు." ఆమె భర్త కోక్ ఓవెన్లలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి నిద్రించుచున్నాడు. డబ్బాలు కట్టి సిద్ధముగా నున్నవి. కాయ, నూనె, కారము అన్నియు అరువునకు తెచ్చినవే. కొరియరువాడు గుమ్మములో నిలిచియున్నాడు.

ఈ చిక్కు మన తరముతో పుట్టినది కాదు. 1877వ సంవత్సరములోనే మన దేశపు తపాలా శాఖ 'వాల్యూ పేయబుల్ పోస్టు' పద్ధతిని ప్రవేశపెట్టెను. పూర్వపు తెలుగు పత్రికలలో పుస్తకముల ప్రకటన తెరచినచో 'వి.పి.' అను రెండక్షరములు తప్పక కనబడెడివి. పోస్టుమాను పార్సెలు తెచ్చును, గ్రహీత పైకమిచ్చి పుచ్చుకొనును, ఆ పైకము మనియార్డరుగా ప్రకాశకునకు చేరును. ముక్కు మొగము తెలియని ఇరువురి మధ్య సర్కారు తపాలా మధ్యవర్తిగా నిలిచిన ఏర్పాటది. అయినను వి.పి. తిరిగివచ్చినచో పోనురాను ఖర్చులు పంపినవానివే. కావుననే తెలివిగల ప్రకాశకులు కొంత సొమ్ము ముందుగా పంపుడని కోరెడివారు.

కంప్యూటరు వర్తకము వచ్చిన పిమ్మటను కథ మారలేదు. 2007లో పుస్తకములతో వ్యాపారమారంభించిన ఫ్లిప్‌కార్టునకు మొదటి కొనుగోలుదారు మన మహబూబ్‌నగర్ వాసియే. ఆ సంస్థయే 2010లో సరకు చేరిన పిదప పైకమిచ్చు పద్ధతిని చేపట్టినప్పుడు, అది మారువేషములోని వి.పి.యే అని పెద్దవారికి తోచియుండును. పెద్ద సంస్థకు తిరుగుసరకు నష్టము లెక్కలో కలిసిపోవును. ఇరువది కిలోల ఆవకాయ ఎండలో రాయపూరు వెళ్ళి తిరిగివచ్చినచో ఆ ఇల్లాలికి ఎందులోను కలియదు.

ఆమె ముందున్న చిక్కులో నిజమునకు మూడు వేరువేరు ప్రశ్నలు ముడిపడియున్నవి. పైకము వచ్చినదా? ఆ చిరునామా ఉన్నదా? అచ్చట పుచ్చుకొనువానికిని పైకమిచ్చినవానికిని సంబంధమున్నదా? ఈ మూటిని ఒకటిగా చూచుటవలననే జనులు మోసపోవుచున్నారు.

మొదటి ప్రశ్నకు జవాబు సులభము. ఎదుటివాడు పంపిన బొమ్మ రసీదు కాదు. బొమ్మలు ఎవరైనను తయారుచేయగలరు. బ్యాంకు పేరుతో వచ్చిన సందేశమును సైతము నమ్మరాదు. తన ఖాతాను తానే తెరచి, నిలువలో ఆ సొమ్ము చేరినదో లేదో చూచుకొనవలయును. పైకము పుచ్చుకొనుటకు యు.పి.ఐ. రహస్య సంఖ్య ఎన్నడును అవసరము లేదు. అది ఇచ్చుటకు మాత్రమే. 'పైకము పంపితిని, ఒప్పుకొనుడు' అని విన్నపములు పంపి, ఒప్పుకొనినవారి సొమ్మునే లాగుకొనువారు బయలుదేరినందువలన, వ్యక్తుల మధ్య అట్టి విన్నపములను 2025 అక్టోబరు 1 నుండి జాతీయ చెల్లింపుల సంస్థ నిలిపివేసెను. పొరపాటున సొమ్ము పోయినచో 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేయవలయును. ఆలస్యమైనకొలది ఆ సొమ్ము చేతులు మారిపోవును.

రెండవది చిరునామా. దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. భిలాయి టౌన్‌షిప్పులో చిరునామా చూడముచ్చటగా నుండును: సెక్టారు, వీధి సంఖ్య, క్వార్టరు సంఖ్య. కాని అది ఇంటి చిరునామాయే కాని మనిషి చిరునామా కాదు. ఉద్యోగి పదవీ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేయును. క్వార్టరు సంఖ్య మాత్రము మారదు. ఏండ్ల క్రిందటి వివరములు నమ్మి పంపిన పార్సెలు క్రొత్తగా వచ్చినవారి గుమ్మములో దిగును. క్యాంపులలో, ఖుర్సీపార్ వైపున స్థితి దీనికి విలోమము. మనిషిని బస్తీ యంతయు ఎరుగును. తలుపునకు మాత్రము నంబరుండదు. అందుచేత చక్కగా వ్రాసిన చిరునామా నిజమనియు, 'ఫలానా దుకాణము వెనుక' అని వ్రాసినది అబద్ధమనియు తలచుట పొరపాటు. దొంగ తరచుగా చక్కని చిరునామాయే వ్రాయును.

పరీక్షకు మొదటి సాధనము పిన్‌కోడు. ఒకే పేరుగల ఊళ్ళవలన కలుగు గందరగోళమును తొలగించుటకు 1972 ఆగస్టు 15న దీనిని ప్రవేశపెట్టిరి. రామాపురములు, కొత్తపల్లులు మన జిల్లాలలో ఎన్ని కలవో లెక్కపెట్టువారు లేరు గదా! భిలాయి సంఖ్యలు 490తో మొదలగును, విజయవాడవి 520తో, శ్రీకాకుళమువి 532తో. ఊరి పేరొకటి, సంఖ్య మరియొకటి అయినచో అది పొరపాటైనను కావచ్చును, మోసమైనను కావచ్చును. అడిగి దిద్దించుకొనిన పిదపనే పంపవలయును. 2025 మే నెలలో తపాలా శాఖవారు ఐ.ఐ.టి. హైదరాబాదు, ఇస్రోవారి జాతీయ దూరసంవేదన కేంద్రముల సహకారముతో 'డిజిపిన్' అను పదియక్షరముల గుర్తును విడుదల చేసిరి. దేశమంతటిని సుమారు నాలుగేసి మీటర్ల గళ్ళుగా విభజించి ప్రతి గడికిని ఒక గుర్తునిచ్చిరి. నంబరు లేని తలుపులకు ఇది గొప్ప మేలు. కాని ఆ గడిలో ఎవరు నివసించుచున్నారో అది చెప్పదు.

కావున మూడవ ప్రశ్న మిగిలియే యుండును. అమెరికా వంటి దేశములలో కార్డుతో పైకమిచ్చునప్పుడు కొనువాడు చెప్పిన చిరునామాలోని అంకెలను బ్యాంకు తన పుస్తకములతో సరిచూచి చెప్పును. మన దేశములో రిజర్వు బ్యాంకు 2009 నుండి కంప్యూటరు చెల్లింపులకు రెండవ ధ్రువీకరణను విధించినది. ఫోనునకు వచ్చు ఓ.టి.పి. అదియే. అది కార్డు ఎవరిదో రుజువు చేయును గాని, సరకు ఎవరింటికి పోవుచున్నదో చెప్పజాలదు. ఇక మన తెలుగు కుటుంబముల సంగతి చూడుడు. కుమారుడు డాలసులో నుండి పైకమిచ్చును, జాడీ భిలాయిలోని తల్లికి చేరవలయును. రెండు చిరునామాలు కలియుట లేదని అనుమానించినచో సగము వ్యాపారము మూతబడును. చిరునామాలు వేరగుట తప్పు కాదు. పైకము చెల్లించిన పిమ్మట, సరకు బయలుదేరు సమయమున, తొందరపెట్టుచు చిరునామాను మార్చుటయే అపాయ సూచన. అట్టి మార్పును నోటిమాటగా అంగీకరింపరాదు. వ్రాతమూలకముగా తెప్పించుకొని, క్రొత్త గ్రహీతతో స్వయముగా మాటలాడవలయును. విలువైన పెండ్లిచీరల వంటివైనచో, ముందుగా ఒక ఉత్తరములో ఏదేని సంఖ్య వ్రాసి ఆ చిరునామాకు పంపి, ఆ సంఖ్యను ఫోనులో చెప్పుమని అడుగవచ్చును. నాలుగైదు దినములు ఆలస్యమగును. నిజముగా కొనువాడు ఆగును.

పంపు విధానమును గూర్చి కొన్ని మాటలు. 2025 సెప్టెంబరు 1 నుండి రిజిస్టర్డు పోస్టు స్పీడు పోస్టులో విలీనమైనది. స్వల్పమైన అదనపు రుసుము చెల్లించినచో గ్రహీత ఫోనునకు వచ్చిన ఓ.టి.పి. చెప్పిన మీదటనే అందజేయు ఏర్పాటును కలదు. విలువైన సరకునకు దానిని కోరుట మంచిది. తూకము వ్రాసిన రసీదును పారవేయరాదు. ఖాళీ డబ్బా వచ్చినదని కొనువాడు తగవుపడినప్పుడు పలుకు సాక్షి అదియే. కట్టుచున్నప్పుడు ఫోనులో ఒక చిత్రము తీసియుంచుకొనుట ఇంకను మేలు. సరకు చేరిన పిదపనే పైకమిత్తుననువారి వద్ద పోనురాను ఖర్చైనను ముందుగా పుచ్చుకొనవలయును. వెనుకటి ప్రకాశకుల పద్ధతి ఇప్పటికిని చెల్లును.

1930 నాటి సరకుల విక్రయ చట్టములోని 39వ సెక్షను ప్రకారము, సరకును రవాణాదారునకు అప్పగించుట సామాన్యముగా కొనువానికి అప్పగించుటతో సమానమే. అయితే సరకు స్వభావమునకు తగిన జాగ్రత్తతో ఆ రవాణా ఏర్పాటు చేసియుండవలయునని అదే సెక్షను అమ్మువానికి బాధ్యత పెట్టినది. ఇంటి నంబరు లేక గుడి ఎదుట అందజేయుమని పంపినచో జాగ్రత్త తీసికొంటిమని వాదించుట కష్టము.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు మరియొక విషయము కలదు. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 15వ నియమము ప్రకారము, ఇంటివారెవరైనను వ్యాపారము చేయుచున్నచో ఉద్యోగి ఆ సంగతి ప్రభుత్వమునకు తెలుపవలయును. వారి సరకును ఆఫీసులో అందరికి చెప్పి అమ్మజూపుటయు తప్పే యగును. ఉక్కు కర్మాగారపు ఉద్యోగులకు వారి నియమావళి వేరుగా నున్నది.

ఇంతకును గుమ్మములో కొరియరువాడు నిలిచియే యున్నాడు. ఆ ఇల్లాలు భర్తను లేపలేదు. ఖాతా తెరచి చూచినది. ఎనిమిది వేలు చేరలేదు. "డబ్బు ఖాతాలో పడ్డాక, మీ బావగారి ఇంటి నంబరు రాసి పంపితే ఈరోజే పంపిస్తాను తమ్ముడూ" అని సందేశమిచ్చినది. కొరియరువాడు మజ్జిగ త్రాగి వెళ్ళిపోయెను. ఆ ఫోను మరల పలుకలేదు. డబ్బాలు పది దినములలో ఇరుగుపొరుగు వీధులలో అమ్ముడుపోయినవి. ఒక్క రెండు కిలోలు మాత్రము, చిరునామా ఏదియు వ్రాయకయే, ఖుర్సీపార్‌లోని ఆమె అక్కగారింటికి సైకిలు మీద వెళ్ళినవి.