కొత్త అక్వేరియంలో చేపలు వారానికే ఎందుకు చచ్చిపోతున్నాయి?

ఈరోజు ఫిష్ ట్యాంక్ గురించి మాట్లాడుకుందాం.

మన ఇళ్లలో ట్యాంక్‌లో చేప చచ్చిపోతే పెద్దవాళ్లు ఒక మాట అంటారు, "ఇంటికి రావాల్సిన కీడు అది తీసుకెళ్లిపోయింది" అని. కొత్త ట్యాంక్‌లో వరుసగా నాలుగు చేపలు పోయాయంటే మాత్రం నేను కీడు కంటే ముందు అమోనియాని అనుమానిస్తాను.

చేప తన మొప్పల నుంచి ఇరవై నాలుగు గంటలూ అమోనియా వదులుతూనే ఉంటుంది. మనం ప్రేమ ఎక్కువై వేసిన తిండి కింద కుళ్లినా అదే వస్తుంది. నీళ్లు అద్దంలా మెరుస్తున్నా అందులో విషం ఉండొచ్చు, కంటికి కనపడదు.

మరి పాత ట్యాంక్‌లో చేపలు ఎలా బతుకుతున్నాయి? అక్కడ బ్యాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కొంచెం ఉన్నా చేపలు తట్టుకుంటాయి. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఫిల్టర్ స్పాంజ్‌లో, గులకరాళ్ల మీద. కొత్త ట్యాంక్‌లో అది పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. షాపులో ట్యాంక్, పది చేపలు ఒకే రోజు కట్టిచ్చేస్తారు. టెస్టింగ్ లేకుండా డైరెక్ట్‌గా ప్రొడక్షన్‌లో పెట్టడమే కదా అది!

ముందు చేపల్లేకుండా ఫిల్టర్ ఆన్ చేసి, రోజూ చిటికెడు ఫిష్ ఫుడ్ వేయండి. టెస్ట్ కిట్‌తో చూస్తుంటే అమోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది, చివరికి రెండూ సున్నాకి వస్తాయి. అప్పుడు రెండు మూడు చేపలతో మొదలుపెట్టండి.

అంత ఓపిక లేదా? చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంక్ ఎవరికైనా ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజ్ ముక్క ఒకటి అడిగి తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. పాలకి తోడు వేసినట్టే. పని చాలా త్వరగా అవుతుంది.

ఇక ఆదివారం క్లీనింగ్. నీళ్లన్నీ పారబోసి, రాళ్లు తోమి, స్పాంజ్‌ని కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా పిండుతారు చూడండి, అక్కడ తోడు మొత్తం పోతుంది! మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉండేదే బ్యాక్టీరియాని చంపడానికి. వారానికి పావు వంతు నీళ్లు తీయండి చాలు. స్పాంజ్‌ని ఆ తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. మురికిగా కనిపించినా పర్లేదు. కొత్తగా పోసే కుళాయి నీళ్లలో ముందు యాంటీ క్లోరిన్ కలపండి.

బోరు నీళ్లయితే క్లోరిన్ గొడవ లేదు కానీ పీహెచ్ ఒకసారి చూసుకోండి. పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమోనియా ఇంకా ఎక్కువ విషమవుతుంది. గప్పీలు, మోలీలకి కఠినమైన నీళ్లు బాగానే పడతాయి.

గోల్డ్‌ఫిష్‌ని గాజు గిన్నెలో పెట్టే ఆలోచన మాత్రం మానేయండి ప్లీజ్. సరిగ్గా చూసుకుంటే అది జానెడు పెరుగుతుంది, పదేళ్లు దాటి బతుకుతుంది.

కరెంటు గంటలు గంటలు పోయే ఊరైతే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఉంచుకోండి. ఆక్సిజన్ లేకపోతే చేపలతో పాటు స్పాంజ్‌లో బ్యాక్టీరియా కూడా పోతుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ట్యాంక్ మొక్కలు. ఉంటాను, బై!