సీటొచ్చింది సరే, గైడు ఏడి?

(అజీజ్‌నగర్‌లో, పై చదువులకు పోతున్న మన పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మీటింగు సన్మానానికి పెట్టింది కాదు. శాలువా కప్పి, ఫోటో దిగి, పిల్లల్ని బస్సెక్కించి చేతులు దులుపుకునే పని మేము ఎన్నడూ పెట్టుకోలేదు. ఈ ఏడు మన వాడల నుంచి ముగ్గురు పిల్లలు గచ్చిబౌలి పక్కనున్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి పోతున్నారు. ఇద్దరు పీజీకి, ఒక బిడ్డ పీహెచ్‌డీకి. ఆ బిడ్డ తల్లి ఇక్కడ ముందు వరసలోనే కూచుంది. పొద్దున పూలు తెంపే కూలికి పోయి అట్లనే వచ్చింది. ఆమె తెంపిన పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతయి. తండ్రి ఒక ఫాంహౌసు గేటు కాడ వాచ్‌మన్. మొన్న మేము ఇంటికి పోయి మీటింగుకు రమ్మంటే ఆమె ఒకటే అడిగింది. "ఎమ్మెస్సీ అయిపాయె గద సారూ, ఇంకా అయిదేండ్లు ఏం సదువు? నౌకరీ జేస్తే వచ్చే నెలకెల్లి జీతమొస్తది. సిన్నదానికి ఇంటర్ ఫీజు గట్టాలె."

ఇవాళ మేము మాట్లాడేదంతా ఆ అక్క ప్రశ్న గురించే. ఆమె తెలివితక్కువగా అడగలేదు. లెక్క వేసుకుని అడిగింది. కనుక మేము కూడా లెక్కే చెప్పాలి, ఉపన్యాసం కాదు. (ఉపన్యాసం అలవాటు మాకు ఉన్నది. మధ్యలో తప్పిపోతే ఆపండి.)

మన అజీజ్‌నగర్ చుట్టూ చదువుకు కరువు లేదు. చేవెళ్ల రోడ్డు పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలే. పచ్చ బస్సులు, పసుపు బస్సులు మన వాడ ముందు నుంచే పోతయి. కొంచెం లోపలికి పోతే చిలుకూరు గుడి. అమెరికా వీసా కావాలని పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూటెనిమిది. తిరిగే పిల్లల మీద మాకు కోపం లేదు. కానీ రెండు చెరువుల నడుమ, 1996లో 111 జీవో కింద పెట్టిన ఊళ్లలో పుట్టిన మన పిల్లలు ఆ కాలేజీల తోటల్లో నీళ్లు పట్టారు, గోడలు కట్టారు. లోపలి క్లాసురూము చూసినవాళ్లు తక్కువ. ఫీజు కట్టకుండా పై చదువు చదవాలంటే మనకు దిక్కు సర్కారు యూనివర్సిటీ ఒక్కటే.

సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఎవరో దానం చేసింది కాదు. 1969లో తెలంగాణ కొట్లాట, 1972లో జై ఆంధ్ర కొట్లాట జరిగాయి. వాటి తర్వాత 1973లో ఆరు సూత్రాల ఒప్పందం వచ్చింది. అందులో ఒక సూత్రం ఈ యూనివర్సిటీ. రాజ్యాంగంలో దీనికోసం 371-ఇ అని ఒక అధికరణమే చేర్చారు. 1974లో ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇంట్లో మొదలై తర్వాత గచ్చిబౌలి బండల్లోకి పోయింది. పెద్దదేమీ కాదు, అయిదారు వేల మంది చదివే చోటు. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లున్నాయి. ఆ లెక్కన మన బిడ్డకు సీటు వచ్చింది. రాత పరీక్షలో మార్కులు తెచ్చుకుని, ముప్పై శాతం బరువున్న ఇంటర్వ్యూ కూడా దాటుకుని వచ్చింది. ఆ ముప్పై దగ్గరే మన పిల్లల్ని ఎందరినో ఆపుతారు. అది వేరే మీటింగు.

సీటు వచ్చాకే అసలు కథ.

పీహెచ్‌డీ అంటే క్లాసుకు పోయి పరీక్ష రాసే చదువు కాదు. ఒక ప్రొఫెసరు గైడుగా ఉండాలె. ఏ విషయం మీద పరిశోధన చేయాలో ఆయనతో తేల్చుకోవాలె. ల్యాబులో బల్ల ఆయన ఇస్తాడు. ఆర్నెల్లకోసారి పని ఎంతవరకు వచ్చిందో చూసే కమిటీకి ముందు ఉండేది ఆయనే. ఫెలోషిప్ కాగితం కదలాలన్నా ఆయన సంతకం, చివరికి థీసిస్ ఇవ్వాలన్నా ఆయన సంతకం. వ్యవసాయం తెలిసిన వాళ్లకు ఇట్ల చెప్తే అర్థమయితది. పట్టా మీ పేరు మీదనే ఉన్నది, నీళ్ల తూము తాళంచెవి మాత్రం ఇంకొకడి మొలకు ఉన్నది.

యూజీసీ రూలు ప్రకారం ప్రొఫెసరు ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురిని తీసుకోవచ్చు. ఎవరికి ఎవరు గైడు అనేది డిపార్ట్‌మెంటు తేల్చాలని 2016 నిబంధనల్లో రాశారు. ఒక్క ప్రొఫెసరు ఇష్టాయిష్టాల మీద నడిచే వ్యవహారం కాదది. కాగితం మీద అంతా బాగుంది. నడిచింది ఏమిటో ఈ యూనివర్సిటీలోనే చూద్దాం.

2008 ఫిబ్రవరిలో సెంథిల్ కుమార్ చనిపోయాడు. తమిళనాడులోని సేలం వైపు నుంచి వచ్చినవాడు. పందులు మేపుకునే కులంలో పుట్టి ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ దాకా వచ్చినవాడు. అతనికి గైడును ఇవ్వలేదు. ఫెలోషిప్ ఆగింది. ఆ తర్వాత యూనివర్సిటీ వేసిన కమిటీయే గైడు కేటాయింపుకు అక్కడ ఒక తీరూ తెన్నూ లేదని, రిజర్వేషన్ పిల్లలు అందులో నలిగారని చెప్పింది. 2013 నవంబరులో మాదారి వెంకటేశ్ అనే పేదింటి విద్యార్థి చనిపోయాడు. రెండేండ్లు దాటినా అతనికి పక్కా గైడు లేడు. 2016 జనవరి 17న రోహిత్ వేముల. జనరల్ మెరిట్‌లో సీటు తెచ్చుకున్న గుంటూరు పిల్లవాడు. అయిదుగురిని హాస్టలు నుంచి వెళ్లగొడితే వాళ్లు క్యాంపసులోనే డేరా వేసుకుని దానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. మన తాతలు ఉన్న చోటు పేరే. రోహిత్ రాసిపెట్టిన ఉత్తరంలో కూడా ఒక లెక్క ఉన్నది. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేలు రావాలని. 2024 మేలో పోలీసులు కేసు మూసేస్తూ రోహిత్ దళితుడే కాదని హైకోర్టుకు రాసిచ్చారు. గొడవ అయ్యాక మళ్లీ విచారిస్తామన్నారు. చచ్చిపోయినవాడు తన కులం రుజువు చేసుకోవాలె!

అక్కా, ఇవన్నీ నిన్ను భయపెట్టడానికి చెప్తలేము. దాచిపెట్టి పంపితే రేపు నీ బిడ్డ హాస్టలు రూములో ఒక్కతే కూచుని, తప్పు తనదే, తెలివి తనకే లేదు అనుకుంటది. మేము అనుకున్నట్టే.

అవును, మా సంగతి కూడా చెప్పాలె. ఇప్పుడు బడిపంతుళ్లుగా ఉన్నాం గానీ, ఒకప్పుడు ఒక యూనివర్సిటీలో ఎం.ఫిల్.కు చేరినం. (ఆ డిగ్రీని 2022లో యూజీసీ ఎత్తేసింది.) ఎనిమిది నెలలు గైడు లేడు. ఒక సారు తన దగ్గర ఖాళీ లేదన్నడు, తర్వాతి నెల ఇంకొకరిని తీసుకున్నడు. ఇంకో సారు నవ్వుకుంటనే అన్నడు, "మీకు ఉద్యోగాలు ఎట్లాగూ వస్తయి కదా, రీసెర్చ్ ఎందుకు?" ఆ మాటకు జవాబు వెంటనే తట్టలేదు. ఇప్పటికీ స్కూలుకు పోతుంటే బస్సులో తడుతుంటది. డీయస్సీలో పేరు రాంగనే సంచి సర్దుకుని వచ్చేసినం. ఇంటి నిండా పండుగ. ఎం.ఫిల్. సంగతి ఎవరూ అడగలేదు. మేము చేసిన తప్పు ఒకటున్నది. ఆ ఎనిమిది నెలల్లో నోటితో ఎన్నిసార్లు అడిగినమో లెక్క లేదు, కాగితం మీద ఒక్కసారి అడగలేదు. ఇవాళ మాకు అన్యాయం జరిగిందని చెప్పుకోవడానికి మా దగ్గర దరఖాస్తు నకలు ఒక్కటి కూడా లేదు.

గైడ్లు మనవాళ్లు ఎందుకు లేరు? పోస్టుల లెక్కలోనే గుట్టు ఉన్నది. 2017లో అలహాబాద్ హైకోర్టు, రిజర్వేషన్ లెక్కకు యూనివర్సిటీ మొత్తాన్ని కాక ఒక్కో డిపార్ట్‌మెంటును విడిగా తీసుకోవాలన్నది. 2018 మార్చిలో యూజీసీ అదే ఉత్తర్వు ఇచ్చింది. ఆ వరసలో ఏడో పోస్టు ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి. ఆరు పోస్టులున్న డిపార్ట్‌మెంటులో మన వంతు ఎన్నటికి రావాలె? దేశమంతా రోడ్డెక్కితే 2019 మార్చిలో ఆర్డినెన్స్, అదే ఏడు చట్టం వచ్చి మళ్లీ యూనివర్సిటీనే యూనిట్ చేశారు. చట్టమైతే వచ్చింది. "అర్హులు దొరకలేదు" అనే ముక్క ఒకటి వాళ్ల చేతిలోనే ఉన్నది. పై పోస్టులకు అర్హత అంటే పీహెచ్‌డీ. పీహెచ్‌డీకి గైడు ఉండడు. గైడు లేక పీహెచ్‌డీ కాదు. పీహెచ్‌డీ లేక మనవాడు గైడు కాడు. గానుగెద్దు తిరుగుడు.

2018 ఏప్రిల్‌లో ఒక దళిత భక్తుణ్ని భుజాల మీద ఎక్కించుకుని మన చిలుకూరు పూజారి జియాగూడ గుళ్లోకి తీసుకుపోయాడు. పేపర్లన్నీ రాశాయి. మంచిదే. మన బిడ్డను మాత్రం ఎవరూ మోయనక్కర లేదు. నడవడం వచ్చు. సంతకం పెట్టే చేయి కావాలె.

ఇంక డబ్బు లెక్క. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేండ్ల తర్వాత 42,000. ఎస్సీ పిల్లలకు జాతీయ ఫెలోషిప్ వేరే ఉన్నది, అదీ అంతే. ఏదీ రానివాళ్లకు యూనివర్సిటీ ఇచ్చేది 8,000. దాన్ని కూడా 2015 అక్టోబరులో ఎత్తేస్తామంటే పిల్లలు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు చలిలో కూచుని ఆపారు. మన బిడ్డకు ఇప్పటికి వచ్చేది ఆ 8,000. జేఆర్‌ఎఫ్‌కు మళ్లీ రాస్తది. అక్కా, నౌకరీ చేస్తే అంతకన్నా ఎక్కువే వస్తది, ఆ మాట మేము కాదనం. కానీ అయిదేండ్ల తర్వాత యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసరు అయితే, గైడు కుర్చీలో కూచునేది నీ బిడ్డ. అప్పుడు గది బయట బెంచీ మీద కూచునే మన పిల్లవాడిని లోపలికి పిలిచే మనిషి ఒకరుంటరు.

బాబాసాహెబ్ సంగతి చూడండి. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద కొలంబియాకు పోయాడు. అక్కడ సెలిగ్మన్ అనే ఆచార్యుడు దొరికాడు. 1925లో అంబేడ్కర్ థీసిస్ పుస్తకంగా వచ్చినప్పుడు దానికి ముందుమాట రాసింది ఆయనే. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోతే లండన్ చదువు మధ్యలో ఆపి రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగానికి పోతే ఉండడానికి ఇల్లు ఇవ్వలేదు. బొంబాయిలో పాఠాలు చెప్పి, పైసా పైసా కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం కలుపుకుని 1920లో మళ్లీ లండన్ పోయాడు. 1923లో డీఎస్సీ పట్టా. మధ్యలో ఫెలోషిప్ ఆగడం, మళ్లీ పోవడం మనకు ఆనాటి నుంచే ఉన్నది. కాకపోతే ఆయన్ను చదివించే గురువు ఒకడు దొరికాడు.

ఒక మాట మనలో మనం. ఆ అక్కకు మగపిల్లవాడు ఉండి వాడికే ఈ సీటు వస్తే, "ఏం సదువు" అనేవాళ్లమా, అప్పు తెచ్చేవాళ్లమా? ఈ ప్రశ్న ఆమెను అడగడం లేదు, మగవాళ్లమైన మనల్ని మనం అడుగుతున్నాం. ఇంకొకటి. రాష్ట్రంలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమలులోకి వచ్చింది, ఒకటి, తొమ్మిది, అయిదు శాతాలుగా. సెంట్రల్ యూనివర్సిటీలో 15 శాతం ఒకే ముద్ద. ఆ ముద్దలో మన వాడలోనే చిన్న కులాల పిల్లలు ఇంతవరకు ఒక్కరు కూడా లేరు. ఈ ముగ్గుర్ని చూసి చప్పట్లు కొట్టేటప్పుడు అది కూడా గుర్తుండాలె.

సరే, ఇప్పుడు పని. చేరే రోజు మాలో ఇద్దరం వెంట వస్తున్నాం. మొదటి రోజే అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పిల్లల్ని కలుస్తాం. 1993 నుంచి అక్కడ నిలబడి ఉన్న సంఘం అది. వివక్ష మీద ఫిర్యాదు తీసుకోవాలని 2012 యూజీసీ నిబంధనలున్నాయి. 2026 జనవరిలో కొత్తవి తెస్తే అదే నెలలో సుప్రీంకోర్టు వాటిని ఆపింది. కాబట్టి 2012 నాటి కాగితం ఒక ప్రతి బిడ్డ చేతిలో పెడతాం. గైడు కేటాయింపు ఆలస్యమయితే నోటితో అడిగేది ఒకసారే. రెండోసారి దరఖాస్తు, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, నకలు. నకలు యూనివర్సిటీ హాస్టల్లో కాదు, ఇక్కడ మా బీరువాలో ఉంటది. ఫెలోషిప్ ఎప్పుడు పడుతదో చెప్పలేం. అందుకని మొదటి ఆరు నెలల మెస్ బిల్లు టీచర్లం పంచుకున్నాం. చిన్నదాని ఇంటర్ ఫీజు మాత్రం ఇంకా తేలలేదు. చందా పుస్తకం ఇప్పుడు మీ మధ్యకు వస్తున్నది, పది రూపాయలైనా పేరు రాయండి.

అక్కా, నువ్వు రేపు పూలకు పోకు. కులం సర్టిఫికెట్, టీసీ, మార్కుల మెమోలు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని పొద్దున తొమ్మిదింటికి బడి కాడికి రా. జిరాక్సులు తీయాలె.