బాస్కెట్‌బాల్‌లో కాలయాపన

పుంగనూరులోనో కుప్పంలోనో స్కూల్లో బాస్కెట్‌బాల్ నేర్చిన పిల్లలు రేపు మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో చేరినా ఆట నియమాలు కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. మన దేశంలో రెండు చోట్లా ఆధారం అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమాలే.

చివరి క్వార్టర్. ముందంజలో ఉన్న జట్టు కుర్రాడు బుట్ట వేశాడు. కిందపడిన బంతిని కావాలనే పక్కకు తోసేశాడు. అవతలివాడు గీత వెనక చేతులు చాచి నిలబడ్డాడు. గడియారం మాత్రం పరుగెడుతోంది. ఇది కష్టపడి ఆడేవాళ్ల సమయాన్ని దోచుకోవడమే. ఫిబాలో మొదట హెచ్చరిక, మళ్లీ చేస్తే టెక్నికల్ ఫౌల్, ఒక ఫ్రీ త్రో. చివరి 2 నిమిషాల్లోనైతే బుట్ట పడగానే గడియారం ఆగుతుంది, కాబట్టి ఈ ఎత్తు పారదు.

అమెరికాలో మాత్రం హైస్కూలుకూ కాలేజీకీ వేర్వేరు నియమావళులు. హైస్కూల్లో ఒక హెచ్చరిక దాటితే రెండు ఫ్రీ త్రోలు, పైగా బంతి కూడా ఎదుటి జట్టుకే. బుట్ట పడ్డాక గడియారం అక్కడ ఆగదు. కాలేజీలో చివరి నిమిషంలో ఆగుతుంది. బంతిని పట్టుకుని కాలం గడపకుండా గడువులోగా బుట్టకు వేయించే షాట్ క్లాక్ కాలేజీలో 30 సెకన్లది ఉంది. హైస్కూళ్లలో 35 సెకన్లది పెట్టుకునే వీలు రాష్ట్రాలకు 2022-23లోనే వచ్చింది.

మన పీటీ మాస్టార్లకు ఒక విన్నపం. బుట్ట పడగానే బంతిని ముట్టకుండా వెనక్కి పరుగెత్తడం ప్రాక్టీసులోనే అలవాటు చేయించండి.