పాలసీసా మూతలోని ఓటు



చైనా దేశపు ఐడల్ ఎంపిక పోటీని తొలిసారి చూడగూర్చున్నవారికి మొదటి రెండు భాగములు వృథాప్రయాసగా తోచును. ఒకే తీరు దుస్తులు ధరించిన నూరుమంది యువజనులు వేదికపైకి వత్తురు. ముఖములు కలగాపులగమగును, పేర్లు నాలుకకు లొంగవు. ఒక్కొక్క భాగము రెండు గంటలకు పైబడి సాగును. మూడవ భాగము నాటికి ఒక వింత జరుగును. ఆ నూరుమందిలో ఎవరో ఒకరు, అడుగు తప్పి తలవంచుకొన్న బాలుడో, గొంతు వణకిన బాలికయో, చూచువారికి తమ ఇంటి బిడ్డయై పోవుదురు. ఆ బిడ్డ నలువదవ స్థానమునుండి ముప్పదవ స్థానమునకు వచ్చినదా లేదా యను చింతతో ఆ రాత్రి నిద్రపట్టదు. ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు ఈ వేదన క్రొత్తది కాదు. సీనియారిటీ జాబితాలో పేరెక్కడ నున్నదో వెదకుకొనునప్పటి ఆతురతయే యిది. కాకున్న ఇచ్చట జాబితా మాటిమాటికి మారును.

ఐడల్ అనగా విగ్రహము. చైనా భాషలో వాడు మాటకును అదియే అర్థము. గాయకునికి విద్య ముఖ్యము. ఐడల్‌కు విద్యతోపాటు, ఒక్కొక్కప్పుడు విద్యకంటె మిన్నగా, అభిమానము ముఖ్యము. కావున ఈ పోటీలలో గురువులు నేర్పుదురు, మందలింతురు, పిల్లలను తరగతులుగా విభజింతురు. కడపటి తీర్పు మాత్రము ప్రేక్షకుల ఓటుదే.

ఈ ఓటుకు చైనాలో కొంత చరిత్ర కలదు. 2005లో హునాన్ టెలివిజన్ వారు నడపిన 'సూపర్ గర్ల్' పోటీలో ప్రజలు సెల్‌ఫోను సందేశములద్వారా ఓట్లు పంపిరి. చివరినాడు 35 లక్షలకు పైగా ఓట్లతో గెలిచిన లీ యూచున్ పొట్టి జుట్టుతో, మగపిల్లవాని తీరున వేదికపై నిలిచిన యువతి. ఆడపిల్ల యిట్లుండవలెనని పెద్దలు గీచిన గీతను ప్రజలు ఆ రాత్రి చెరిపివేసిరి. తెలుగువారికిని ఇట్టి ఓటు తెలియనిది కాదు. 2010లో శ్రీరామచంద్ర ఇండియన్ ఐడల్ విజేత యైనది ప్రేక్షకుల ఓట్లవలననే.

ఇటీవలి పద్ధతి దక్షిణ కొరియానుండి వచ్చినది. 2016లో అచ్చటి ఎమ్‌నెట్ వారు 101 మంది బాలికలను పోటీకి నిలిపి, 11 మందిని ప్రేక్షకులచేత ఎన్నిక చేయించిరి. ఆ వరుసలోని పోటీలలో ఓట్ల లెక్కలను తారుమారు చేసిరని 2019లో బయటపడి, మరుసటి సంవత్సరము నిర్మాతకు చెరసాల ప్రాప్తించినది వేరు కథ. 2018లో చైనాలో ఐచీయీ సంస్థ 'ఐడల్ ప్రొడ్యూసర్' పేర 100 మంది యువకులనుండి తొమ్మండుగురను, టెన్సెంట్ సంస్థ 'ప్రొడ్యూస్ 101' పేర పదునొకండుగురు యువతులను ఎంపిక చేయించెను. గెలిచినవారు కలసి పాడవలసిన గడువును సంస్థలే నిర్ణయించెను: మొదటి బృందమునకు ఏడాదిన్నర, రెండవదానికి రెండేండ్లు. ఇంత పోరాటము అంత కొద్దికాలమునకా యని క్రొత్త ప్రేక్షకులు విస్తుపోవుదురు. డెప్యుటేషను సంగతి ఎరిగినవారు విస్తుపోరు.

ఓటుయొక్క స్వభావమును తేటపరచు ఉదంతము 2021లో హైనాన్ ద్వీపమున జరిగినది. 'చువాంగ్ 2021' అను పోటీకి పలుదేశములనుండి 90 మంది యువకులు చేరిరి. వ్లాదివొస్తోక్ నగరమునకు చెందిన వ్లాదిస్లావ్ ఇవానోవ్ అను రష్యను యువకుడు అచ్చటికి వచ్చినది పోటీకి కాదు, దుబాసీ పనికి. అతని రూపము చూచి నిర్వాహకులు పోటీలో చేరుమనిరి. చేరెను. లెలూష్ అను పేరుతో వేదిక యెక్కెను. కొలదినాళ్లకే మనసు విరిగెను. ఒప్పందము కారణమున నడుమ విడిచిపోవ వీలులేక, తనకు ఓటు వేయవద్దని ప్రేక్షకులను బ్రతిమాలెను. ఉత్సాహము లేక పాడెను, అన్యమనస్కుడై ఆడెను. వేడినకొలది అభిమానులు పెరిగిరి! పనిమీద విసుగు పుట్టియు మానలేని ఉద్యోగిని, అనగా తమ్ము, అతనియందు చూచుకొని యువజనులు అతనిని ప్రేమించిరి; ఆ ప్రేమతోనే అతనిని ఇంటికి పోనీయరైరి. ఏప్రిల్ 24న జరిగిన తుది ప్రదర్శనములో 17వ స్థానమునకు పరిమితుడై, తుదకు విముక్తుడయ్యెను. దీనిని చెప్పుకొని నవ్వనివారు లేరు. అయినను ఒక మనిషి వద్దు వద్దనుచుండగా వేలకొలది జనులు ముచ్చటపడి అతనిని నెలలతరబడి నిలిపియుంచుటలో నవ్వు కొంతయే.

అదే కాలమున ఐచీయీ వారి 'యూత్ విత్ యూ' మూడవ పోటీ నడచుచుండెను. దానికి పోషకులు మెంగ్నియు అను పాల సంస్థవారు. అదనపు ఓట్లు కావలెనన్న ఆ సంస్థవారి పాలపానీయము కొనవలెను. సీసా మూతలోపలి గుర్తును ఫోనుతో చదివించినచో ఓటు లభించును. ఒక మనిషి ఎన్ని సీసాలు త్రాగగలడు? అభిమానులు చందాలు పోగుచేసి పెట్టెలకొలది కొనిరి. మూతలు విలువైన వస్తువులయ్యెను, పాలు బరువయ్యెను. కొందరు స్త్రీలు వరుసగా కూర్చుండి సీసాలు తెరచి పాలను కాలువలో పారబోయుచున్న దృశ్యము దేశమంతట వ్యాపించెను. ఆహారమును వృథాచేయరాదని చైనా ప్రభుత్వము చట్టము చేసినది ఆ ఏప్రిల్ 29ననే! పాలాభిషేకము తెలుగువారెరుగనిది కాదు. సినిమా కథానాయకుని నిలువెత్తు బొమ్మపై బిందెలతో పాలు పోయుటను చూచినవారే. అచ్చట పాలు విగ్రహమునైన తడుపును. ఇచ్చట విగ్రహమునకు చేరినది మూత మాత్రమే.

మే 4న బీజింగు నగరాధికారులు కార్యక్రమమును ఆపవలసినదని ఆదేశించిరి. 8వ తేదీన జరుగవలసిన తుది పోటీ జరుగనేలేదు. సంస్థలు క్షమాపణ చెప్పుకొనెను. పాలు పారబోయుమని ఆ పిల్లలు ఎవరిని కోరలేదు. మూతలో ఓటు పెట్టినది వారు కాదు. అయినను నెలలతరబడి కాళ్లు కాయలు కాయునట్లు అభ్యసించినవారి పరీక్ష చివరి పేపరుకు ముందే రద్దయ్యెను. తరువాత వారిలో కొందరితో ఒక బృందము ఏర్పడినను, వేదికపై వెలువడవలసిన తీర్పు వెలువడలేదు.

2021 సెప్టెంబరు 2న జాతీయ రేడియో టెలివిజన్ పాలనా సంస్థ ఇట్టి ఎంపిక పోటీలనే నిషేధించెను. వస్తువులు కొనిపించి ఓట్లు వేయించుట తగదనుట న్యాయమే. కాని ఆ ఆజ్ఞలోనే మగపిల్లల ఆడంగితనపు సింగారమును తుదముట్టింపవలెననియు వ్రాసిరి. పాలు వృథాచేయుట ఒక విషయము, యువకుడు కనులకు రంగు దిద్దుకొనుట మరియొక విషయము. మొదటిదానివలన కాలువలో పాలు పారెను. రెండవదానివలన ఎవరికేమి నష్టము కలిగెనో ఆ ఆజ్ఞ చదివినవారికి బోధపడదు. పదునారేండ్ల క్రిందట లీ యూచున్‌కు ఓటువేసినవారికి అది మరింత వింతగా తోచియుండును.

పోటీలు పూర్తిగా అంతరింపలేదు. 2024లో టెన్సెంట్ వారు థాయిలాండు దేశమున ఒకటి నడపిరి. క్రొత్త ప్రేక్షకులు సాధారణముగా మొదలిడునది మాత్రము 2018 మొదలు 2021 వరకు జరిగిన పాత పోటీలతోనే. వారి చేతిలో ఓటు లేదు. కొనవలసిన సీసా లేదు. ఎవరు గెలిచిరో ముందే తెలియును. గెలిచిన బృందములు గడువు తీరి విడిపోయినవనియు తెలియును. వేదికపైనున్నవారికి మాత్రము ఏమియు తెలియదు. తుది రాత్రి పదునొకండు ఆసనములలో పది నిండినవి. మిగిలిన ఒక్కదానికై నిలిచినవారు ఒకరి చేయి నొకరు పట్టుకొని, పేరు చదువువాని పెదవులవైపు చూచుచున్నారు.