నోటికి ఒక భాష, రసీదుకు ఒక భాష

(బసంత్‌నగర్‌లో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వినియోగదారుల హక్కుల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను వకీలును కాదు. ఈ ఊళ్లో జిరాక్స్ షాపు నడుపుకునే మనిషిని. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు కాగితం చేతికిస్తూ, "జిరాక్స్ తర్వాత తీద్దువుగాని, ముందుగాల గిండ్ల ఏం రాసిండ్రో చెప్పు బిడ్డా" అంటారు. జిరాక్స్‌కు డబ్బులు తీసుకుంటాను, చదివి చెప్పినందుకు తీసుకోను. కానీ ఇలా చదివి చెప్పే పని ఒకటి అసలు ఎందుకు ఉండాలి? డబ్బు పెట్టి కొన్నది ఆమె. ఆ కొనుగోలుకు ఇచ్చిన కాగితం ఆమెకు అర్థం కాని భాషలో ఎందుకుంది? ఈవేళ నేను మాట్లాడేది ఈ ఒక్క సంగతే.

మన బజారును ఒకసారి చూడండి. ఇక్కడ సిమెంట్ ఫ్యాక్టరీ 1969లో మొదలైంది. అంతకు కొన్నేళ్ల ముందే గోదావరిఖనిలో బొగ్గు బాయిలు తెరిచారు. తర్వాత ఎన్టీపీసీ వచ్చింది. ఎరువుల ఫ్యాక్టరీ వచ్చి, 1999లో మూతపడి, 2021లో మళ్లీ వేరే పేరుతో నడుస్తున్నది. ప్రతిదాని వెంట మనుషులు వచ్చారు. బీహారు నుంచి, ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లున్నారు. ఉర్దూ మాట్లాడే కుటుంబాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. అంగట్లో కూరగాయల గంప ముందు కూర్చునే అవ్వను గమనించండి. మనతో తెలుగులో బేరమాడుతుంది. ఒడిశా కూలీ భార్య వచ్చి నిలబడితే "తీస్ రూపయా కిలో, లేలో దీదీ" అంటుంది. తురకామెతో ఇంకో తీరుగా మాట్లాడుతుంది. ఆ అవ్వ ఏ బడికీ పోలేదు. కొనేవాళ్ల భాష నేర్చుకోకపోతే సాయంత్రానికి గంప ఖాళీ కాదని మాత్రం ఆమెకు తెలుసు.

అక్కడి నుంచి కిరాణా కొట్టుకు రండి. సేటు తెలుగు, హిందీ రెండూ మాట్లాడతాడు. చిట్టీ మాత్రం ఆయనకే అర్థమయ్యే గొలుసు రాతలో ఉంటుంది. గ్యాసు పొయ్యిలు, మిక్సీలు అమ్మే కొట్టుకు పోతే మాట తెలుగు, బిల్లు ఇంగ్లీషు. ఇంకా పెద్దదానికి, అద్దాల తలుపుల బట్టల దుకాణానికి పోతే మాట కూడా మారిపోతుంది. అలాంటి ఒక దుకాణంలో పనిచేసే మన వాడకట్టు పిల్ల ఒకతి నాతో చెప్పింది: కస్టమర్‌ను "మేడమ్" అనాలట, "గిట్ల, గట్ల" అనకూడదట, ఇంగ్లీషు మాటలు కలిపి మాట్లాడాలట. ఆ పిల్ల మేనత్తే ఒకనాడు చీర కొనడానికి పోతే ఆమెతోనూ అట్లాగే మాట్లాడవలసి వచ్చింది. మేనత్త నవ్విందట గానీ, చీర కొనకుండానే వచ్చేసింది.

దుకాణం ఎంత చిన్నదైతే దానికి అన్ని ఎక్కువ భాషలు వస్తున్నాయి. పెద్దదవుతున్న కొద్దీ భాషలు తగ్గి చివరికి ఒకటే మిగులుతున్నది. పేద అమ్మకందారు కొనేవాళ్ల భాష నేర్చుకుంటున్నది. డబ్బున్న అమ్మకందారు కొనేవాళ్లే తన భాష నేర్చుకుని రావాలంటున్నాడు. ఇదేదో చదువుకు, తెలివికి సంబంధించిన విషయమని మనకు అనిపించేలా చేశారు. ఎవరు ఎవరి కోసం వంగాలన్నదే ఇందులో ఉన్న విషయం.

ఇంకో మాట. ఇంగ్లీషు మాటలంటే మన ఆడవాళ్లకు భయమేమీ లేదు. సింగరేణి క్వార్టర్లలో ఏ అక్కనైనా అడగండి. మస్టర్లు, బేసిక్, పే స్లిప్, సిక్కు, మెడికల్ అన్‌ఫిట్, అన్నీ చెబుతుంది. మొగని మస్టర్లు ఎన్ని తక్కువైనయో ఆయనకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. ఆ మాటలు ఏనాడో తెలుగైపోయాయి. ఆమెకు అందనిది కాగితం, ఆ లిపి, ఆ చిన్న అక్షరాలు. హక్కులన్నీ వాటిలోనే ఉన్నాయి. నోటితో చెప్పిన దానికి సాక్ష్యం ఉండదు, కాగితం మీది దానికి ఉంటుంది.

ఒక సంగతి చెబుతాను. ఆమె పేరు చెప్పను, ఆ సంస్థ పేరూ చెప్పను. ఆమె పెనిమిటి కాంట్రాక్టు కూలీ. బిడ్డ కాన్పుకు ఆపరేషన్ అవసరమైతే రెండు తులాల గొలుసు కుదువబెట్టింది. కౌంటర్ మీది అబ్బాయి మన భాషలోనే "నూటికి రూపాయి మిత్తి అక్కా" అన్నాడు. మన దగ్గర ఆ మాటకు అర్థం అందరికీ ఒకటే: నెలకు నూటికి రూపాయి. ఆమె కూడా అట్లాగే లెక్క వేసుకుంది. కాగితంలో ఉన్నది వేరు. నెల నెలా మిత్తి కడితేనే ఆ రేటు. ఆపితే రేటు మెట్టు మెట్టుగా పెరిగి రెండు రూపాయల దాకా పోతుంది. తొమ్మిది నెలలకు ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషులో. ఏదో రసీదు అనుకుని దేవుని పటం వెనక పెట్టింది. ఆధార్ జిరాక్స్ కోసం నా దగ్గరికి వచ్చిన రోజు సంచిలోంచి ఆ ఉత్తరం కూడా తీసి, ఇదేందో చూడమంది. వేలం నోటీసు. అందులో ఇచ్చిన గడువు దాటి అప్పటికి రెండు రోజులైంది. ఇద్దరం పరుగెత్తుకుంటూ పోయాం. గొలుసు పోయింది.

అప్పుడు ఆమె సంతకం చేసిన కాగితాలన్నీ అడిగి చదివాను. చివరి పేజీలో, ఆమె సంతకం పైన ఒక వాక్యం ఉంది. "ఈ షరతులన్నీ నాకు తెలిసిన భాషలో వివరించారు, నేను అర్థం చేసుకున్నాను" అని. ఆ వాక్యం ఇంగ్లీషులో ఉంది.

నేను చదివి తెలుగులో చెబితే ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "తప్పు నాదే, సదువు రాకపాయె" అంది. అక్కలారా, ఆ గొలుసు పోయినదానికంటే ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆమె ఇంట్లో చెప్పుకోలేదు. చెబితే "నీకు కాగితాల సంగతి ఎందుకు, నన్ను పిలవకపోయినవా" అంటాడని భయం. పిలిచినా ఆయనకూ ఇంగ్లీషు రాదు. అయినా తిట్లు పడేది ఆమెకే.

మన భాషలో మాట్లాడినందుకు మనమే సిగ్గుపడటం మనకు కొత్తకాదు. 1921లో హైదరాబాదులో కర్వే గారి అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది, స్త్రీ విద్య కోసం జీవితమంతా పనిచేసిన కర్వే గారే. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. నిజాం కాలంలో కచేరీ కాగితం ఉర్దూలో ఉండేది, రైతు వేలిముద్ర వేసేవాడు. ఈనాడు కచేరీ స్థానంలో కౌంటర్ వచ్చింది.

"ఆడవాళ్లు ఇంగ్లీషు నేర్చుకుంటే అయిపోతుంది కదా" అనేవాళ్లున్నారు. నేర్చుకోవాలి, నేనూ వద్దనను. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో ఆడవాళ్లు రాత్రి బడికి పోయి తమ బతుకు పాఠాన్ని తమ భాషలో చదువుకున్నారు. సారా మీద పోరాటానికి అదొక దారి అయింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ వాచకం ఇంగ్లీషులో ఉండి ఉంటే, వాళ్లు ఇంగ్లీషు నేర్చుకునేదాకా సారా దుకాణాలు ఆగేవా? అరవయ్యేళ్ల అవ్వ మందుల చీటీ చదవడానికి డిగ్రీ పిల్లతో సమానంగా ఇంగ్లీషు నేర్చుకోవాలనడం న్యాయం కాదు. కొన్ని మందుల షాపుల వాళ్లు కాగితపు కవరు మీద పొద్దున, మధ్యాహ్నం, రాత్రికి గీతలు గీసి ఇస్తారు. ఎవరూ చెప్పకుండానే తమకు తాముగా కనిపెట్టుకున్న పద్ధతి అది. మనసుంటే దారి దొరుకుతుందనడానికి నాకు వేరే రుజువు అక్కర్లేదు.

చట్టం సంగతి. ఇక్కడ మనం రెండు రకాలుగా తెలుసుకోవాలి. కొన్నిచోట్ల చట్టమే మన పక్షాన లేదు. ప్యాకెట్ సరుకుల మీద ధర, తూకం, తేదీ వంటివి ఏ భాషలో ఉండాలి? 2011 నాటి నియమాల ప్రకారం ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండాలి. వేరే భాష అదనంగా వేసుకోవచ్చునంటారు, అంతే, వేయాలని లేదు. అంటే పసిపిల్లల పాలడబ్బా మీద తెలుగు అక్షరం ఒక్కటి లేకపోయినా ఆ నియమాల ప్రకారం తప్పు కాదు. ఇది మార్చమని మనం అడగవలసిందే.

కానీ అప్పుల విషయంలో నియమాలున్నాయి, మనకే తెలియవు. చిన్న అప్పులిచ్చే సంస్థలు అప్పు కార్డును అప్పు తీసుకున్నామెకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే ఇలాంటి అప్పులకు ముఖ్యమైన వివరాల పత్రం ఒకటి, మొత్తం వడ్డీ ఎంత పడుతుందో చూపిస్తూ, అప్పు తీసుకునేవారికి తెలిసిన భాషలో ఇవ్వాలి. బంగారం అప్పుల మీద 2025లో వచ్చిన ఆదేశాలు ఇంకాస్త ముందుకు పోయాయి. చదువురాని వాళ్లకు షరతులు చెప్పేటప్పుడు ఆ సంస్థ ఉద్యోగి కాని సాక్షి ఉండాలన్నాయి. ఆ సాక్షులుగా మనం నిలబడవచ్చు. ఇది రాసుకోండి.

దుకాణాలకు సంబంధించి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. చెడిపోయిన సరుకు బిల్లులో రాసిన గడువులోపల, గడువు రాయకపోతే 30 రోజుల్లోపల వాపసు తీసుకోననడం కూడా అక్రమమే. కేసు మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. సరుకు విలువ 5 లక్షల రూపాయల దాకా ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అయితే బిల్లు ఏ భాషలో ఉండాలో ఈ చట్టం చెప్పలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. మా షాపులో బిల్లు పుస్తకాలకు మ్యాటరు కూడా తయారుచేస్తాం. ఇన్నేళ్లుగా చేసినవన్నీ ఇంగ్లీషులోనే. కింద "గూడ్స్ వన్స్ సోల్డ్ విల్ నాట్ బి టేకెన్ బ్యాక్" అన్న వాక్యం ఎవరూ అడగకపోయినా నేనే పెట్టేదాన్ని. అన్ని బిల్లుల మీదా ఉంటుంది కాబట్టి. ఆ వాక్యం చూపించి ఎంతమందిని ఉత్త చేతులతో పంపించారో! చెడిపోయిన సరుకు విషయంలో అది చెల్లదని నాకు తెలిసేసరికి చాలా పుస్తకాలు పోయాయి.

గొలుసు పోయిన తర్వాత తెలుగు బిల్లు పుస్తకం వేద్దామని కొట్ల వాళ్లను అడిగాను. ఒకాయన "తెలుగుల ఉంటే కొట్టు చిన్నగ కనబడ్తది అక్కా" అన్నాడు. ఇంకొకాయన మాట మాత్రం ఆలోచింపజేసింది. "నాకు హోల్‌సేల్ నుంచి వచ్చే బిల్లు ఇంగ్లీషే, జీఎస్టీ కాగితం ఇంగ్లీషే, కంప్యూటర్ల ఉన్నది ఇంగ్లీషే. నాకు మాత్రం ఏమొస్తది? నేనూ ఆడిటర్ చెప్పిన కాడ సంతకం పెడుతున్న" అన్నాడు. నిజమే. చిన్న దుకాణదారును మనం శత్రువుగా చూడకూడదు. ఆయన కూడా ఇంకో కౌంటర్ దగ్గర మన స్థానంలోనే నిలబడుతున్నాడు. ఆయన అద్దె కట్టలేక అవస్థ పడుతుంటే మనం పోయి నినాదాలిస్తే ఏం లాభం? ఇద్దరం కలిసి అడగవలసినవి ఉన్నాయి.

చివరికి ముగ్గురు ఒప్పుకున్నారు. నమూనా రాశాను. గర్వంగా తీసుకుపోయి మా సంఘం అక్కలకు చూపిస్తే, ఒకామె చదివి "మినహాయింపు అంటే ఏంది?" అంది. "వాపసు స్వీకరించబడును" అన్నదాన్ని చూసి ఇంకొకామె "గిది కూడ ఇంగ్లీషే గద" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తెలుగు లిపిలో రాసినంత మాత్రాన తెలుగు కాదని ఆ రోజు తెలిసింది. "తగ్గించిన పైసలు" అని మార్చాను. "ఖరాబైతే 30 రోజుల్ల తీసుకరండి, ఈ చీటీ పోగొట్టుకోకండి" అని మార్చాను. అంకెలు పెద్దగా వేశాను. ఒడిశా, బీహారు అక్కల కోసం వెనక పక్క హిందీలో అదే మాట రాయించాలి, అది ఇంకా కాలేదు. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. ఉర్దూ చదివే అక్కలెవరైనా ఇక్కడుంటే సాయం చేయాలి.

రెండో నమూనా ఈ బల్ల మీద పెట్టాను. ప్రెస్సుకు సోమవారం పంపాలి. పోయేముందు అందరూ ఒకసారి చదవండి. చదువురాని అక్కలకు పక్కనున్న వాళ్లు చదివి వినిపించండి. ఏ మాట దగ్గర ఆగిపోయారో దాని కింద పెన్సిలుతో గీత పెట్టండి. పెన్సిళ్లు కూడా తెచ్చాను.