బెంచీ మనది, బిల్లెవరిది?

(నెల్లూరు సముద్రతీర దళితవాడల యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముత్తుకూరు దారిలో వెల్డింగు షాపుల్లో మన కుర్రాళ్ళు సర్కారు బళ్ళకు ఇనప బెంచీలు చేస్తుండారు. పైపు కోసేది మనం, అతికేది మనం, రంగు కొట్టేది మనం. లారీ ఎక్కేటప్పుడు అంటించే స్టిక్కరు కాంట్రాక్టరుది. మనకు కూలి, ఆయనకు బిల్లు. మన తాతల్ని బడిలో నేలమీద కూచోబెట్టారు. ఇవాళ బెంచీ చేసే మనల్ని అమ్మకం దగ్గర నేలమీదే ఉంచారు.

ఇది కొత్త గొడవ కాదు. 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో బాబాసాహెబ్ అంబేద్కర్ సర్కారు కాంట్రాక్టుల్లోనూ వాటా అడిగారు. కేంద్ర పబ్లిక్ వర్క్స్ శాఖ కాంట్రాక్టర్లలో మనవాడు ఒకే ఒక్కడని లెక్క చూపారు. 2002లో భోపాల్ డిక్లరేషన్ మళ్ళీ అడిగింది. కేంద్రం ఉత్తర్వు 2012లో గాని రాలేదు.

ఆ ఉత్తర్వు ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల దగ్గర చెయ్యాలి. శ్రీహరికోటకు బల్లలు కొన్నా, పోస్టాఫీసుకు కుర్చీలు కొన్నా ఇదే లెక్క. టెండరు ఫారం ఉచితం. ధరావతు కట్టక్కర్లేదు.

మరి ఏళ్ళ తరబడి ఆ 4 ఎందుకు నిండలేదు? ఆ ఉత్తర్వులోనే దొడ్డిదారి ఉంది. మనవాళ్ళు టెండరు వెయ్యకపోయినా, షరతులకు తూగకపోయినా మన 4 శాతం ఇతర చిన్న పరిశ్రమలకు పోతుంది. షరతులేంటి? ఇన్నేళ్ళ అనుభవం, ఇన్ని లక్షల టర్నోవరు! చెరువులో దిగనియ్యకుండా ఈత వచ్చా అని అడిగినట్టుంది. చిన్న పరిశ్రమలకు ఈ షరతులు సడలించవచ్చని 2016లో చెప్పారు. సడలించవచ్చు అన్నారేగాని, సడలించి తీరాలనలేదు.

ఇంకో మోసం మన ఇంటికే వస్తుంది. "నీ సర్టిఫికెట్టు, మా పెట్టుబడి" అంటారు. యూనిట్టులో 51 శాతం వాటా మనది కావాలన్నది రూలు. కాగితం మీద 51 రాసి, చేతిలో అయిదు నోట్లు పెడతారు. ఆ సంతకం చేసినవాడు తన జాతి వాటాను అమ్ముకున్నట్టే.

అందుకే మనం ఒక్కో షాపూ ఒంటరిగా ఉండొద్దు. నలుగురం కలిసి మన పేరున రిజిస్టరు చేద్దాం. చేసిన ప్రతి పనికీ కాగితం అడిగి తీసుకుందాం, రేపు అనుభవం చూపమంటే అదే సాక్ష్యం. టెండరు వేద్దాం. కొట్టేస్తే ఏ షరతు కింద కొట్టేశారో సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడుగుదాం. మన 4 ఎవరికిచ్చారో లెక్క చెప్పమందాం.

కూలి పెంచమనడంతో ఆగొద్దు. బిల్లు మన పేరున రావాలి.

జై భీమ్!